పేరును బట్టి వెదకుట

ఒక పదమును చెప్పి దానికి సంబంధించిన సంగతిని తెలిసికొనుట మానవులకు చాలకాలమునుండి అలవాటైన పని. పూర్వము మన పెద్దలు అమరకోశమును వల్లె వేసెడివారు. అందు పదములు వర్గములుగా కూర్పబడి, శ్లోకములలో ఇమిడి యున్నవి. దానిని కంఠస్థము చేసినవానికి పదము తనంతట నోటికి వచ్చును; కంఠస్థము చేయనివానికి అందు ఒక్క పదమును వెదకి పట్టుకొనుట కష్టము. తరువాత అకారాదిక్రమమున నిఘంటువులు పుట్టినవి. 1852వ సంవత్సరమున చెన్నపట్టణమున అచ్చుపడిన బ్రౌను దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అట్టిది. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును అట్టిదే. వీనియందు గ్రంథమంతయు ఎరుగనివాడు సైతము తనకు కావలసిన పదమును క్షణములో కనుగొనగలడు. అతనికి తెలిసియుండవలసినది ఒక్కటే: ఆ పదము నిఘంటువులో ఏ రూపమున వ్రాయబడినదో ఆ రూపము.

ఈ చివరి మాటయందే నేడు నేను చెప్పదలచిన విషయమంతయు కలదు. మన పాఠశాల విద్యార్థులు కొందరు సెల్‌ఫోనులో పనిచేయు చిన్న యాప్‌లను నిర్మించుట నేర్చుకొనుచున్నారు. వారు మొట్టమొదట చేయగోరు పనులలో ఒకటి యిది: వాడుకరి ఒక గడిలో ఒక మాట వ్రాయును, యాప్ దానికి తగిన సమాధానమును చూపవలెను. చూచుటకు ఇది సులభముగానే యుండును. కాని వ్రాయువాడు మనుష్యుడు, వెదకునది యంత్రము. ఈ యిద్దరి నడుమ నిలిచి ఒకరి మాటను వేరొకరికి అర్థమగునట్లు చేయు భారము యాప్‌ను కట్టినవానిమీద నున్నది. ఆ భారమెట్టిదో వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తాళపుచెవియు విలువయు

మనకు తెలిసిన ప్రదేశమునే ఉదాహరణముగా తీసికొందము. మదీనాగూడ ముంబాయి రహదారిమీద మియాపూర్, చందానగర్‌ల నడుమ నున్నది. 1998లో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిమ్మట మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతములు పెరిగి, ఆ పనులకు పోవువారనేకులు ఇచ్చట కాపురములు పెట్టిరి. 2017 నవంబరులో మియాపూర్‌నుండి మెట్రో రైలు నడచుట మొదలైనది. హైటెక్ సిటీ స్టేషను 2019 మార్చిలోను, రాయదుర్గం స్టేషను అదే సంవత్సరము నవంబరులోను తెరువబడినవి. ఊరినుండి వచ్చిన ఒక తాతగారు తాము దిగిన పేట పేరు వ్రాసినచో, ఏ మెట్రో స్టేషనుకు పోవలెనో చెప్పు యాప్‌ను మనము కట్టదలచితిమనుకొనుడు.

అందులకు రెండు వరుసల పట్టిక చాలును. ఎడమవైపు పేట పేరు. కుడివైపు స్టేషను పేరు. మదీనాగూడకు ఎదురుగా మియాపూర్. చందానగర్‌కు ఎదురుగా మియాపూర్. గచ్చిబౌలికి ఎదురుగా రాయదుర్గం. ఈ రీతిగా వ్రాసికొందము. ఎడమవైపు మాటను ఈ విద్యయందు తాళపుచెవి అందురు. కుడివైపు మాటను విలువ అందురు. చెవి సరిపడిన పెట్టె తెరచుకొనును; అందులోని వస్తువు మనకు దొరకును.

రెండు సంగతులు గమనింపుడు. మదీనాగూడకును చందానగర్‌కును ఒకటే విలువ కలదు. అందులో దోషము లేదు. వేర్వేరు చెవులతో ఒకే వస్తువును చేరవచ్చును. కాని ఒకే తాళపుచెవికి రెండు విలువలు వ్రాసినయెడల చిక్కు కలుగును. కొన్ని పట్టికలలో యంత్రము మొదట కనబడినదానిని చెప్పి ఊరకుండును. మరికొన్నింటిలో తరువాత వ్రాసినది ముందుదానిని చెరిపివేయును. రెండింటిలో ఏది జరిగినను, ఒక సమాధానము వాడుకరికి తెలియకుండనే పోవును. కావున తాళపుచెవి పట్టికలో ఒక్కసారియే యుండవలెను.

యాప్ కట్టు విధము

యాప్‌కు మూడు అంగములు చాలును: మాట వ్రాయు గడి ఒకటి, నొక్కు మీట ఒకటి, జవాబు కనబడు చోటు ఒకటి. మీట నొక్కగానే యంత్రము గడిలోని మాటను తీసికొని, పట్టికలోని ఎడమ వరుసతో పోల్చి, సరిపడినచోట కుడి వరుసలోని విలువను జవాబు చోట వ్రాయును.

2010లో గూగుల్ సంస్థ ఆరంభింపగా, తరువాత అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయము నడుపుచున్న యాప్ ఇన్వెంటర్ అను సాధనమున ఈ పనికి ఒక దిమ్మ సిద్ధముగా నున్నది. దానికి మూడు వస్తువులు అందీయవలెను: వెదకవలసిన మాట, పట్టిక, మాట దొరకనిచో చెప్పవలసిన జవాబు. మొదటి రెండింటిని అందరును శ్రద్ధగా నింపుదురు. మూడవదానిని చాలమంది తాకనే తాకరు. అందుచే ఆ దిమ్మలో ముందుగానే యున్న రెండు ఇంగ్లీషు మాటలు, ‘నాట్ ఫౌండ్’ అనునవి, అట్లే నిలిచిపోవును. ఇంగ్లీషు రాని తాతగారికి అవి ఏమి చెప్పును?

1991లో వెలువడిన పైథాన్ భాషయందును ఇట్టి భేదమే కలదు. పట్టికలో లేని చెవిని చతురస్రపు కుండలీకరణములలో నుంచి తిన్నగా అడిగినయెడల కార్యక్రమము తప్పు చూపి ఆగిపోవును. ‘గెట్’ అను పద్ధతితో అడిగి, దొరకనప్పుడు చెప్పవలసిన మాటను కూడ తెలిపినయెడల అది ఆగక ఆ మాటనే చెప్పును. కావున దొరకని మాటకు ఏమి చెప్పవలెనో ముందే ఆలోచించుట కార్యక్రమములో ఒక ముఖ్యభాగము. అది తుదిని అతికించు అలంకారము కాదు.

యంత్రము ఎట్లు వెదకును?

పట్టిక చిన్నదైనచో యంత్రము మొదటినుండి ఒక్కొక్క వరుసను చూచుకొనుచు పోవును. పట్టిక అకారాదిక్రమమున నున్నచో, మనము నిఘంటువును నడుమ తెరచునట్లు అదియు నడుమ తెరచి, కావలసిన మాట ముందున్నదో వెనుకనున్నదో చూచి, సగమును విడిచివేయును. ఇట్లు సగము సగము విడుచుచు పోయిన 1,000 మాటలలో ఒకదానిని 10 పోలికలలోను, 1,00,000 మాటలలో ఒకదానిని 17 పోలికలలోను కనుగొనవచ్చును.

మూడవ పద్ధతి మిక్కిలి చమత్కారమైనది. తపాలా కార్యాలయములో ఉత్తరములను అరలలో వేయుట మీరెరుగుదురు. యంత్రమును అట్లే చేయును; కాని ఏ మాట ఏ అరలో వేయవలెనో లెక్కకట్టి తెలిసికొనును. కంప్యూటరులో ప్రతి అక్షరచిహ్నమునకు ఒక సంఖ్య కలదు. యూనికోడ్ అను ప్రపంచ సంకేతమున మకు 3118, దకు 3110, దీర్ఘపు గుడికి 3136, నకు 3112, దీర్ఘమునకు 3134, గకు 3095, దీర్ఘపు కొమ్మునకు 3138, డకు 3105. మదీనాగూడ అను పేరును యంత్రము ఈ 8 చిహ్నముల వరుసగా చూచును. వీనినన్నిటిని కూడిన 24,948 వచ్చును. మనకు 10 అరలున్నవనుకొని దానిని 10చే భాగించిన శేషము 8. కావున మదీనాగూడ 8వ అరలో పడును. తరువాత ఎవరైన ఆ పేరు వ్రాసినప్పుడు యంత్రము మరల అదే లెక్క వేసి తిన్నగా 8వ అరను తెరచి చూచును. తక్కిన అరలను తాకదు. నిజముగా యంత్రములు వాడు లెక్క ఇంతకంటె చిక్కనైనది; కాని మార్గమిదియే.

ఇప్పుడు తాతగారు దీర్ఘము విడిచి ‘మదీనగూడ’ అని వ్రాసిరనుకొనుడు. దుకాణముల పలకలమీదను బస్సులమీదను ఇట్లును కనబడును. ఇది తప్పని ఎవరనగలరు? కాని యంత్రమునకు 3134 తగ్గి మొత్తము 21,814 అగును, శేషము 4. యంత్రము 4వ అరను తెరచును; అది ఖాళీగా నుండును. వేరొకరు ‘మదీనా గూడ’ అని నడుమ ఖాళీ విడిచి వ్రాసిరనుకొనుడు. ఖాళీకి సైతము 32 అను సంఖ్య కలదు. మొత్తము 24,980, శేషము సున్న. యంత్రము 0వ అరను తెరచును, అదియు ఖాళీయే. మనుష్యుని కంటికి ముగ్గురును ఒకే ఊరిపేరు వ్రాసిరి. యంత్రమునకు అవి మూడు పేరులు, మూడు అరలు. పేరు పట్టికలోనే యున్నది. అయినను ఇద్దరికి ‘లేదు’ అను జవాబే దొరకినది.

కంటికి కనబడని భేదములు

పైవి కంటికి కనబడు భేదములు. తెలుగు వ్రాతయందు కంటికి కనబడనివియు కలవు. వీనిని ఎరుగక పెద్ద ఉద్యోగులు సైతము గంటలకొలది తికమకపడుట కలదు.

మొదటిది, విడదీయు చిహ్నము. ‘హైదరాబాద్‌లో’ అని వ్రాయునప్పుడు పొల్లు దకారము తరువాతి లకారముతో కలిసి ఒత్తుగా మారకుండ నడుమ ఒక అదృశ్యచిహ్నమును ఉంచుదురు. దాని సంఖ్య 8204. దానికి వెడల్పు లేదు, రూపము లేదు. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగియు మాట చివర దీనిని తమంతట చేర్చును. మియాపూర్, మాదాపూర్, చందానగర్ అన్నియు పొల్లుతో ముగియు పేరులే. కావున ఒకరు వ్రాసిన మియాపూర్‌లో 8 చిహ్నములును, మరియొకరు వ్రాసిన మియాపూర్‌లో 9 చిహ్నములును ఉండవచ్చును. రెండును ప్రక్కప్రక్కన అచ్చువేసినను ఏ పండితుడును భేదము చెప్పలేడు. యంత్రము మాత్రము ‘ఇవి వేరు’ అనును. మాటకు ఇరువైపుల నున్న ఖాళీలను కత్తిరించు దిమ్మ ఒకటి కలదుగాని, అది ఈ చిహ్నమును ఖాళీగా ఎంచదు. కావున దీనిని తీసివేయదు.

రెండవది, ఐత్వము. ‘హై’ అను అక్షరములోని ఐత్వమును ఒకే చిహ్నముగా వ్రాయవచ్చును. ఎత్వమును, దాని క్రింది గుర్తును వేరువేరుగా వ్రాసియు అదే రూపమును తేవచ్చును. యూనికోడ్ నియమమున ఈ రెండును సమానములే. కాని ముందుగా వానిని ఒక రూపమునకు తేనియెడల సామాన్యమైన పోలికలో అవి సరిపడవు.

మూడవది, అంకెలు. 5 అను అంకెకును ౫ అను తెలుగు అంకెకును వేర్వేరు సంఖ్యలు కలవు. అంతియేగాక గడిలో వ్రాసిన 25 యంత్రమునకు తొలుత సంఖ్య కాదు; రెండు అంకెల వ్రాత మాత్రమే. పట్టికలో 25ను సంఖ్యగా నుంచి, గడిలోని వ్రాతను మార్చకయే వెదకినచో, పైథాన్ వంటి భాషలలో అది దొరకదు. 025 అని వ్రాసినను అంతియే.

ఇక ఇంగ్లీషు లిపిలో పేరు వ్రాయువారికి పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు అను భేదమొకటి అదనముగా నున్నది. తెలుగు లిపికి ఆ బాధ లేదు. అయినను ఒత్తులును, దీర్ఘములును, పూర్ణబిందువులును మనకు కావలసినంత పని కల్పించుచున్నవి. పండ్లు అనియు, పళ్ళు అనియు, పళ్లు అనియు వ్రాయు జాతి మనది.

మాటను శుభ్రపరచుట

దీనికి మందేమి? బియ్యము వండుటకు ముందు రాళ్లు ఏరి కడుగునట్లు, వెదకుటకు ముందు మాటను శుభ్రపరుపవలెను. ఆ క్రమమిది. మొదట, మాటలోని ఖాళీలను తీసివేయవలెను. రెండవది, 8204 సంఖ్యగల అదృశ్యచిహ్నమును తీసివేయవలెను. మూడవది, ఐత్వాదులను ఒక రూపమునకు తేవలెను. ఇందులకు చాల భాషలలో సిద్ధముగా పద్ధతులున్నవి. నాలుగవది, తెలుగు అంకెలను వాడుక అంకెలుగా మార్చవలెను. ఇంగ్లీషు లిపియైనచో అన్నిటిని చిన్న అక్షరములుగా మార్చవలెను.

ఇందు ముఖ్యనియమమొకటి కలదు. వాడుకరి వ్రాసిన మాటకు ఏ శుద్ధి చేసితిమో, పట్టికలోని తాళపుచెవులకును అదే శుద్ధి చేయవలెను. ఒకవైపు మాత్రమే చేసినచో లాభములేదు సరిగదా, పూర్వము సరిపడినదియు తప్పిపోవును. పట్టికలో ‘చందా నగర్’ అని ఖాళీతో వ్రాసికొని, వాడుకరి మాటలోని ఖాళీని మాత్రము తీసివేసిన విద్యార్థికి, సరిగా వ్రాసినవారి మాటయు దొరకకుండ పోవును. ఇంకొకటి: ఈ శుద్ధి వెదకుటకు మాత్రమే. తెరమీద చూపునప్పుడు పేరును అందముగా, యథాతథముగా చూపవలెను. అదృశ్యచిహ్నము తీసిన ‘హైదరాబాద్లో’ అను మాటను ఎవరును చదువ నిచ్చగింపరు.

శుద్ధిచే తీరని భేదములకు మారుపేరుల పట్టిక వేరుగా నుంచవలెను. అందు మదీనగూడకు ఎదురుగా మదీనాగూడ అని వ్రాసికొందము. యంత్రము మొదట అందు చూచి, ప్రమాణమైన పేరును తెలిసికొని, పిమ్మట అసలు పట్టికలో వెదకును. నిఘంటువును చూచుటయందు మనమును ఇట్లే చేయుచున్నాము. ‘చూచితిని’ అను పదము నిఘంటువులో నుండదు. మనస్సులో దానిని ‘చూచు’ అను ధాతువునకు తెచ్చుకొని వెదకుదుము. మనకు ఉపాధ్యాయుడు నేర్పినందున మనము చేయుచున్నాము. యంత్రమునకు మనమే నేర్పవలెను.

ఎంత కఠినము, ఎంత సడలింపు?

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. స్వల్పభేదములనన్నిటిని మన్నించి, దగ్గరగానున్న పేరునే ఇచ్చివేయరాదా? పరిశుద్ధ గ్రంథమునందలి రెండు వృత్తాంతములు ఈ ప్రశ్నకు రెండు వైపులను చూపుచున్నవి.

న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయమున, గిలాదువారు యొర్దాను రేవులను పట్టుకొని, దాటగోరిన ప్రతివానిని షిబ్బోలెతు అను మాట పలుకుమని అడిగిరి. ఎఫ్రాయిమువారికి ఆ మొదటి అక్షరము నోట తిరుగదు, సిబ్బోలెతు అనిరి. ఒక్క అక్షరమునకై ఆ దినములలో 42,000 మంది కూలిరి. అచ్చట రేవు కాచినవారు యుద్ధశత్రువులను పట్టుకొనుటకే అట్లు చేసిరి. మన యాప్‌కు వచ్చువాడు శత్రువు కాడు. దారి అడుగ వచ్చిన అతిథి. అతని ఉచ్చారణలోనో వ్రాతలోనో ఒక్క అక్షరము మారినందున వానిని వెడలగొట్టుట తగదు.

ఆదికాండము 27వ అధ్యాయమున దీనికి విపరీతము కలదు. చూపు మందగించిన ఇస్సాకు తన యెదుట నిలిచిన కుమారుని స్వరము యాకోబు స్వరమువలె నున్నదని గ్రహించియు, చేతులమీది రోమములను తడవి చూచి, ఏశావే అని సమ్మతించి దీవించెను. కొంత సరిపడినది, కొంత సరిపడలేదు. సరిపడినంతతో తృప్తిపడగా దీవెన వేరొకనికి పోయినది. సడలింపు మితిమీరినచో కలుగు నష్టమిది.

దీనిని మన పట్టికలోనే చూడవచ్చును. రెండు మాటల నడుమ దూరమును కొలుచు పద్ధతి ఒకదానిని రష్యా దేశపు గణితశాస్త్రజ్ఞుడు లెవెన్‌ష్టైన్ 1965లో తెలిపెను. ఒక మాటను మరియొక మాటగా మార్చుటకు ఎన్ని చిహ్నములను చేర్చవలెనో, తీయవలెనో, మార్చవలెనో ఆ కనిష్ఠసంఖ్యయే వాని దూరము. మదీనగూడకును మదీనాగూడకును దూరము 1. ఇది మన్నింపదగినదే. ఇక మియాపూర్‌ను, మాదాపూర్‌ను చూడుడు. ఒక్కొక్కటి 8 చిహ్నములు. గుడి స్థానమున దీర్ఘము, యకారము స్థానమున దకారము, తక్కినవన్నియు ఒకటే. దూరము 2 మాత్రమే! రెండు భేదములను కూడ మన్నింతునని యాప్ ఉదారముగా ఊహించినచో, పట్టికలో లేని మియాపూర్‌ను వ్రాసినవానికి మాదాపూర్ దారి చూపవచ్చును. ఆ రెండు పేటలకు స్టేషనులు వేరు, దారులు వేరు.

అక్షరమైనను తేడా లేని పేరులును కలవు. కొండాపూర్ అను పేట మన ప్రక్కన నున్నది. శాతవాహనకాలపు అవశేషములు బయల్పడిన కొండాపూర్ సంగారెడ్డి జిల్లాలో నున్నది. రాయదుర్గం మెట్రో స్టేషను ఇచ్చట కలదు; రాయదుర్గం పట్టణము అనంతపురము జిల్లాలో కలదు. వ్రాత సరిగానే యున్నది. అయినను పేరు ఒక్కటే చాలదు.

కావున మేలైన మార్గము మధ్యనున్నది. పేరు ఉన్నదున్నట్లు సరిపడినచో జవాబు చెప్పవలెను. సరిపడక, దగ్గరి పేరు దొరకినచో, యంత్రము తానే నిశ్చయింపక, ‘మీరు అడిగినది మదీనాగూడయా?’ అని ప్రశ్నింపవలెను. అవునని వాడుకరి చెప్పిన పిమ్మటనే దారి చూపవలెను. దగ్గరివి రెండు మూడు ఉన్నచో అన్నిటిని చూపి ఎన్నుకొననీయవలెను. పట్టిక చిన్నదైనప్పుడు వ్రాయు పనియే లేకుండ పేరుల జాబితాను చూపి తాకుమనుట మరియు సుఖము.

పేరుకంటె మంచి తాళపుచెవి

ఈ చిక్కు యంత్రములతో పుట్టినది కాదు. మన దేశమున అనేక ఊళ్లకు ఒకే పేరు, అనేక భాషలు, అనేక లిపులు ఉండుటచే ఉత్తరములు దారి తప్పుచుండెను. అందుచే తపాలా శాఖవారు 1972 ఆగస్టు 15వ తేదిన ఆరు అంకెల పిన్‌కోడును ప్రవేశపెట్టిరి. మియాపూర్ 500049 అని వ్రాయునప్పుడు మొదటి 5 తెలుగు రాష్ట్రములును కర్ణాటకమును గల మండలమును తెలుపును; చివరి మూడు అంకెలు ఉత్తరమును పంచు తపాలా కార్యాలయమును తెలుపును. పేరును ఏ లిపిలో ఎట్లు వ్రాసినను సంఖ్య మారదు.

మనుష్యుల పేరుల విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. మన సంఘములలో బాప్తిస్మపు పుస్తకములో యోహాను అనియు, బడి పుస్తకములో జాన్ అనియు పేరుగల బాలురు కలరు. మరియమ్మ మేరీ యగును; పౌలు పాల్ అగును; ఇంటిపేరు కొన్నిచోట్ల ముందును కొన్నిచోట్ల వెనుకను నుండును. లక్ష్మి అను పేరును ఇంగ్లీషు లిపిలో రెండు మూడు విధములుగా వ్రాయుదురు. ఒకే తరగతిలో ఒకే పేరుగల ఇద్దరుండుటయు వింత కాదు. మార్కులు చూపు యాప్‌ను పేరుతో వెదకునట్లు కట్టినచో, ఒక బిడ్డ మార్కులు వేరొక బిడ్డవిగా కనబడవచ్చును. లేదా పరీక్ష వ్రాసిన బిడ్డ పేరే లేదని యంత్రము చెప్పవచ్చును. ఆ మాట విన్న తల్లిదండ్రుల గుండె ఎట్లు కొట్టుకొనునో మీరే ఊహింపుడు. కావున మనుష్యులను వెదకునప్పుడు అడ్మిషను సంఖ్యను తాళపుచెవిగా నుంచి, పేరును చూపుటకు మాత్రమే వాడవలెను. సంఖ్యయు పేరును రెండును సరిపడినవాయని వాడుకరి స్వయముగా చూచుకొనుటకు వీలుండవలెను.

తల్లిదండ్రులకు ఇందొక ఉపయోగము కలదు. బిడ్డ పేరును పాఠశాలలో చేర్చునప్పుడు ఏ అక్షరములతో వ్రాయించితిరో, ఆధారు, బ్యాంకు మొదలైన పత్రములన్నింటను అవే అక్షరములుండునట్లు ఇప్పుడే చూచుకొనుడు. నేడు ఈ పట్టికలు ఒకదానితో ఒకటి పోల్చబడుచున్నవి. గుమాస్తా చూచినచో చిన్న భేదమును నవ్వి విడుచును. యంత్రమునకు ఆ నవ్వు నేర్పినవారు లేనిచోట బిడ్డ విద్యార్థివేతనము నిలిచిపోవచ్చును.

లేదు అని చెప్పుట

చివరకు ఎంత శుద్ధి చేసినను, ఎన్ని మారుపేరులు కూర్చినను, దొరకని మాటలుండును. అప్పుడు యాప్ ఏమి చెప్పవలెను? ‘తప్పు’ అని చెప్పరాదు. తప్పు వ్రాసినవానిది కాకపోవచ్చును. మన పట్టికయే చిన్నది కావచ్చును. ‘అట్టి ఊరు లేదు’ అనియు చెప్పరాదు. ఊరు ఉన్నది, మన పట్టికలో లేదు. ‘మీరు వ్రాసిన పేరు మా పట్టికలో కనబడలేదు. దగ్గరి పేరులు ఇవి. వీనిలో లేనియెడల మాకు తెలుపుడు’ అని, వారు వ్రాసిన మాటను మరల చూపి, మర్యాదగా చెప్పవలెను. అట్లు దొరకని పేరులను ఒక చోట వ్రాసి యుంచుకొన్నచో, వారమునకొకసారి వానిని చూచి మారుపేరుల పట్టికను పెంచవచ్చును. వాడుకరులు వ్రాసిన మాటలే యాప్‌కు గురువులు. అయితే ఎవరు వ్రాసిరను సంగతిని, వారి సొంత వివరములను దాచుకొనుట మాత్రము తగదు.

విద్యార్థులారా, మీరు కట్టిన యాప్‌ను స్నేహితునికి చూపుటకు ముందు ఈ అయిదు పరీక్షలు చేయుడు. సరియైన పేరు వ్రాసి చూడుడు. చివర ఒక ఖాళీ చేర్చి చూడుడు. ఒక దీర్ఘమును విడిచి చూడుడు. గడిని ఖాళీగా నుంచి మీట నొక్కి చూడుడు. పట్టికలో లేని ఊరి పేరు వ్రాసి చూడుడు. పిమ్మట ఆ ఫోనును ఇంటిలోని పెద్దల చేతికిచ్చి, మీరు ఏమియు చెప్పక, వారు వ్రాయుటను ఓపికతో గమనింపుడు. మీరు కలలోనైన తలపని రూపము ఒకటి వారు వ్రాయుదురు. నవ్వకుడు. అది వారి తప్పు కాదు. మీ పట్టికలో చేర్చవలసిన మరియొక వరుస.

యంత్రము తనకు చెప్పినంతవరకే ఎరుగును. దానికి కోపము లేదు, దయయు లేదు. అది వాడుకరియెడల కఠినముగానున్నచో మనము కఠినముగా కట్టితిమనియు, ఓర్పుతో నున్నచో మన ఓర్పును దానిలో ఉంచితిమనియు తెలిసికొనవలెను. తలుపు తట్టినవాని యాస మనకు క్రొత్తదైనను, అతడు ఎవరికై వచ్చెనో అడిగి తెలిసికొని లోనికి పిలుచుట మన యిండ్లలో నేర్చుకొన్న మర్యాద. మనము కట్టు యాప్‌లలోను ఆ మర్యాద యుండునట్లు చూచుకొందము.